కేన్సర్ వార్డుకు ట్రాన్స్ రోగి వస్తున్నారు: మేం ఏం మార్చుకోవాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: మీరు కీమో డే కేర్‌లో సీనియర్ నర్సు. వచ్చే వారం 38 ఏళ్ల ట్రాన్స్ పురుషుడు (పుట్టినప్పుడు ఆడపిల్లగా నమోదై, పురుషుడిగా జీవించేవారు) ఒకరు గర్భాశయ ముఖద్వార కేన్సర్‌కు కీమో, రేడియేషన్ మొదలుపెట్టించుకోవడానికి వస్తున్నారు. స్టాఫ్‌లో కొందరికి ఇబ్బందిగా ఉంది, కొందరికి టెన్షన్‌గా ఉంది. ఇంద్రధనుస్సు పోస్టర్ ఒకటి గోడకు అంటిద్దామని ఎవరో అన్నారట. అది చాలా, లేక ఎల్‌జీబీటీ రోగులందరికీ పనికొచ్చే మార్పులు వేరే ఉన్నాయా అని అడిగారు.

పోస్టర్ ఆఖర్న అంటించుకోవచ్చు. ముందు మీ రిజిస్ట్రేషన్ ఫారం ఒకటి తెచ్చుకుని చదవండి.

ఇరవై ఆరేళ్లుగా కేన్సర్ రోగులకు మందులు రాస్తున్నాను. కేన్సర్ పుట్టేది అవయవంలో. మన ఫారంలో, కంప్యూటర్‌లో, వార్డు బోర్డు మీద ఉండేది మాత్రం స్త్రీ, పురుషుడు అనే గడి. గడి చూస్తే లోపల ఏ అవయవాలున్నాయో తెలిసిపోతుందన్న నమ్మకం మీద మన పద్ధతులన్నీ నడుస్తున్నాయి. చాలామంది విషయంలో ఆ నమ్మకం నిజమే. నిజం కానివాళ్ల సంగతి చూడండి. బ్రిటన్‌లో గర్భాశయ ముఖద్వార పరీక్షకు రమ్మనే ఉత్తరాలు రికార్డులను బట్టి వెళ్తాయి. డాక్టర్ దగ్గర పురుషుడిగా నమోదైన ట్రాన్స్ పురుషుడికి ఆ అవయవం ఉన్నా ఉత్తరం దానంతట అది రాదు. స్త్రీగా నమోదైన ట్రాన్స్ మహిళకు (పుట్టినప్పుడు మగపిల్లాడిగా నమోదై, స్త్రీగా జీవించేవారికి), ఆ అవయవం లేకపోయినా, వస్తుంది. అక్కడ ఎవరికీ ఎవరి మీదా ద్వేషం లేదు. గడి అలా ఉంది, అంతే.

మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి కథ ఇంకొకటి. ట్రాన్స్ మహిళలకు యోని నిర్మాణ సర్జరీ చేసేటప్పుడు వృషణాలు తీసేస్తారు కానీ ప్రోస్టేట్‌ను అలాగే ఉంచుతారు. ‘స్త్రీ, 61 ఏళ్లు, మూత్రం సాఫీగా రావడం లేదు’ అని రాసి, ఏడాదిపాటు మళ్లీ మళ్లీ యాంటీబయాటిక్స్ వాడించి, చివరికి నా దగ్గరికి పంపిన కేసు ఒకటి ఉంది. ప్రోస్టేట్ ఉందా అన్న మాట ఆ ఏడాదిలో ఎవరి నోటా రాలేదు. పైగా స్త్రీ హార్మోన్ ఈస్ట్రోజెన్ వాడేవాళ్లలో పీఎస్‌ఏ, అంటే ప్రోస్టేట్ కేన్సర్ అనుమానానికి రక్తంలో చూసే అంకె, బాగా పడిపోతుంది. అమెరికా మాజీ సైనికుల ఆస్పత్రుల రికార్డుల నుంచి తీసి 2024లో ప్రచురించిన లెక్కలో, ఈస్ట్రోజెన్ మీద ఉన్న 210 మంది ట్రాన్స్ మహిళల పీఎస్‌ఏ మధ్యస్థ విలువ 0.02. ల్యాబ్ రిపోర్టు పక్కన నార్మల్ అని సాధారణంగా ముద్రించే హద్దు 4. అంటే ఆమెకు 2 వచ్చినా కాగితం నార్మల్ అనే అంటుంది. చూసిన డాక్టర్ మాత్రం ఉలిక్కిపడాలి.

అందుకే ఆ ఒక్క గడి బదులు కొన్ని ప్రశ్నలు పెట్టండి. ఏ పేరుతో పిలవాలి, ఎలా సంబోధించాలి. పుట్టినప్పుడు ఏమని నమోదు చేశారు, ఇప్పుడు తమను తాము ఏమని చెప్పుకుంటారు. శరీరంలో ఏ అవయవాలున్నాయి, ఏవి తీశారు, సర్జరీలో కొత్తగా ఏవి ఏర్పరిచారు. చివరిదాన్ని మేం అవయవాల జాబితా అంటాం. దాన్ని ట్రాన్స్ రోగులకే కాదు, వచ్చిన ప్రతి ఒక్కరికీ వాడండి. గర్భసంచి తీసేశారని చెప్పే స్త్రీలలో కొందరికి ముఖద్వారం మిగిలే ఉంటుంది. ఆ సంగతి వాళ్లకూ తెలియదు, మనమూ అడగం. అందరినీ అడిగితే ఎవరినీ వేరుగా చూసినట్టు ఉండదు.

‘ఇవన్నీ అడిగితే బాధపడతారేమో’ అని మీవాళ్లు అంటారు. అమెరికాలో అత్యవసర విభాగాల మీద చేసిన ఒక అధ్యయనం 2017లో వచ్చింది. మీ లైంగికత ఏమిటని అడిగితే రోగులు చెప్పరని దాదాపు 78 శాతం వైద్య సిబ్బంది అనుకున్నారు. రోగులను అడిగితే, చెప్పబోమన్నవాళ్లు 10 శాతం. మొహమాటం ఎవరిదో చూడండి. అమెరికా క్లినికల్ ఆంకాలజీ సొసైటీ కూడా అదే ఏడాది విడుదల చేసిన ప్రకటనలో ఈ వివరాలు సేకరించాలని గట్టిగా చెప్పింది. కేన్సర్ రిజిస్ట్రీలలో ఈ వివరాలు లేకపోతే ఎవరికి ఏ కేన్సర్ ఎక్కువగా వస్తోందో, ఎవరు మధ్యలో చికిత్స మానేస్తున్నారో లెక్క తేలదు.

అడగకపోతే ఏమవుతుందో నా సొంత తప్పు ఒకటి చెబుతాను. చాలా ఏళ్ల క్రితం రొమ్ము కేన్సర్‌తో ఒకావిడ వచ్చేవారు. ప్రతి కీమోకూ మరొకావిడ తోడుగా వచ్చేవారు. మొదటి రోజే నేను, ‘మీ అక్కగారా?’ అన్నాను. ఒక్క క్షణం ఆగి, ‘అవునండి’ అన్నారు. ఫైల్లో ‘అక్క’ అని రాసుకున్నాను. ఆరు నెలల తర్వాత జన్యు పరీక్షలో బీఆర్‌సీఏ1 లోపం (రొమ్ము, అండాశయ కేన్సర్ ముప్పు పెంచే, వంశపారంపర్య జన్యు లోపం) బయటపడింది. ‘మీ అక్కగారికి కూడా ఈ పరీక్ష తప్పకుండా చేయించాలి, ఆమెకూ ఉండే అవకాశం సగానికి సగం’ అని చాలా సీరియస్‌గా, ఆమె కళ్లలోకి చూస్తూ చెప్పాను. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత పెద్దావిడ నెమ్మదిగా, ‘నేను అక్కని కాదు డాక్టర్‌గారూ’ అన్నారు. పదకొండేళ్లుగా కలిసి బతుకుతున్న జంట వాళ్లు. అబద్ధం వాళ్లు ఆడలేదు, నేను ఆడించాను. రోగి సొంత చెల్లెలు వేరే ఊళ్లో ఉన్నారని, నిజంగా పరీక్ష అవసరమైంది ఆమెకని అప్పుడు తెలిసింది.

ఆ రోజు నుంచి నా ప్రశ్న మారింది. ‘మీతో ఎవరు వచ్చారు? వాళ్లు మీకు ఏమవుతారు?’ అంతే. భర్త, భార్య, అక్క, తమ్ముడు అన్న మాట ముందు నా నోటి నుంచి రాకూడదు. ఇంకో రెండు విషయాలు కూడా మొదటి రోజే రాసుకుంటాను: మీరు మాట్లాడలేని స్థితి వస్తే మీ తరఫున ఎవరు నిర్ణయం చెప్పాలి, మీ విషయాలు ఎవరికి చెప్పకూడదు. ఈ రెండోది చాలామంది మర్చిపోతారు. రోగి గే అని గానీ, ట్రాన్స్ అని గానీ తల్లిదండ్రులకు తెలియకపోవచ్చు. వార్డులో తల్లి ఎదుట మనం ‘మీ పార్ట్‌నర్ ఫోన్ చేశారు’ అనేస్తే, కేన్సర్ కన్నా పెద్ద గొడవ అక్కడ మొదలవుతుంది. రక్తసంబంధీకులు దూరమై, స్నేహితులే కుటుంబంగా బతికే రోగులు కూడా ఉంటారు. వాళ్ల నిర్ణయాధికారాన్ని ముందే కాగితం మీద రాయించకపోతే, ఐసీయూ తలుపు దగ్గర అన్నేళ్లు కలిసి బతికిన మనిషిని ఆపేసి, పదేళ్లుగా మొహం చూడని అన్నను లోపలికి పంపాల్సి వస్తుంది.

ఇక మీ రోగి సంగతి.

గర్భ పరీక్ష నుంచి మొదలుపెడతాను, అక్కడే ఎక్కువమంది తడబడతారు. కటి భాగానికి రేడియేషన్ ఇవ్వబోతున్నారు, కీమో ఇవ్వబోతున్నారు. ఫైల్లో ‘పురుషుడు’ అని ఉంది కదా అని ఆ పరీక్ష వదిలేయకండి. ట్రాన్స్ పురుషులు చాలామంది వాడే పురుష హార్మోన్ టెస్టోస్టెరాన్ గర్భనిరోధక మందు కాదు. నెలసరి ఆగిపోయినా గర్భం రావచ్చు. బ్రిటన్ రేడియోగ్రాఫర్ల సంఘం 2021లో ఇచ్చిన మార్గదర్శకాల్లో గర్భం ఉండే అవకాశం ఉందా అన్న ప్రశ్నను 12 నుంచి 55 ఏళ్ల మధ్య ఉన్న అందరినీ అడగమంది, స్త్రీనా పురుషుడా అన్నది చూడకుండా. అలాగే ఈ రేడియేషన్‌తో అండాశయాలు పనిచేయడం మానేస్తాయి. అండాలు దాచుకుంటారా అన్న మాట మొదటి డోసుకు ముందే రావాలి. ఆయనకు అండాలెందుకని మనం తేల్చేస్తే ఎలా? వద్దంటే ఆయనే వద్దంటారు.

టెస్టోస్టెరాన్‌ను అలవాటుగా ఆపించేయకండి. ఈ కేన్సర్లో ఎక్కువగా కనిపించే స్క్వామస్ రకం (పైపొర కణాల్లో పుట్టేది) హార్మోన్ల మీద ఆధారపడి పెరిగేది కాదు. ఆపాలంటే కారణం ఉండాలి, హార్మోన్ల డాక్టర్‌తో మాట్లాడి ఉండాలి. రొమ్ము, ప్రోస్టేట్ లాంటి హార్మోన్లతో ముడిపడ్డ కణితులైతే వేరే సంగతి, అక్కడ పెద్ద చర్చే జరగాలి. కారణం చెప్పకుండా ఆపేయమంటే కొందరు చికిత్సే మానేసి వెళ్లిపోతారు. మరికొందరు ఆపామని చెప్పి చాటుగా వాడతారు, అది ఇంకా ప్రమాదం. టెస్టోస్టెరాన్ హిమోగ్లోబిన్‌ను పెంచుతుంది కూడా. ఆయనకు 12.5 వస్తే స్త్రీల పట్టికలో నార్మల్‌లా కనిపిస్తుంది. కానీ మూడు నెలల క్రితం 16 ఉండి ఉంటే అది రక్తస్రావం కావచ్చు. పట్టికలను పక్కన పెట్టి ఆయన పాత రిపోర్టులతో పోల్చండి.

కిడ్నీల లెక్క దగ్గర మీ ఫార్మసిస్టును కూడా కూర్చోబెట్టుకోండి. సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఇచ్చే ముందు క్రియాటినిన్ క్లియరెన్స్, అంటే కిడ్నీలు ఎంత బాగా వడపోస్తున్నాయన్న అంచనా, కడతాం కదా, కాక్‌క్రాఫ్ట్ గాల్ట్ సూత్రంలో స్త్రీ అయితే 0.85తో గుణించాలి. ఏళ్ల తరబడి టెస్టోస్టెరాన్ తీసుకుని కండ పెరిగిన మనిషికి ఏది వాడాలి? నేను రెండు విధాలా కడతాను. రెండు జవాబులూ మందు ఇవ్వగల హద్దుకు ఒకే వైపున ఉంటే గొడవ లేదు. ఒకటి ఇటు, ఒకటి అటు పడితే సిస్టాటిన్ సీ అనే కిడ్నీల రక్తపరీక్ష గానీ, కిడ్నీ వడపోతను నేరుగా కొలిచే పరీక్ష గానీ చేయిస్తాను. కార్బోప్లాటిన్ అనే కీమో మందులో ఇది ఇంకా ముఖ్యం, అక్కడ డోసే ఈ అంకె మీద కట్టేది.

శరీర పరీక్ష గురించి. టెస్టోస్టెరాన్ వల్ల యోని పొర పలచబడుతుంది, పరీక్ష మామూలు కన్నా నొప్పిగా ఉంటుంది. లోపల చూడటానికి వాడే పరికరం, స్పెక్యులం, చిన్నది వాడండి. తోడుగా ఎవరుండాలో ఆయన్నే అడగండి. ఆ భాగాన్ని ఆయన ఏమని పిలుస్తారో కనుక్కుని ఆ మాటే వాడండి. కొందరికి ‘కింద భాగం’ అంటే చాలు. బ్రాకీథెరపీలో, అంటే లోపలి నుంచి ఇచ్చే రేడియేషన్‌లో, పరికరం అమర్చడం చాలామంది ట్రాన్స్ పురుషులకు నొప్పిని మించిన బాధ. మత్తు ఎంతవరకు ఇవ్వగలరో అనస్థీషియా వాళ్లతో ముందే మాట్లాడండి, బల్లమీద పడుకోబెట్టాక కాదు. చికిత్స అయ్యాక యోని మూసుకుపోకుండా వాడే డైలేటర్లు ఇచ్చేటప్పుడు కూడా ‘సంసార జీవితానికి’ అనే పాత పాఠం అప్పజెప్పకండి. తర్వాతి చెకప్‌లో పరీక్ష సాధ్యం కావడానికి ఎంత వరకు అవసరమో చెప్పి, మిగతాది ఆయనకు వదిలేయండి.

గైనిక్ వార్డులో స్త్రీల మధ్య మంచం వేస్తే ఆయనకూ, పక్కవాళ్లకూ ఇబ్బందే. విడి గది లేకపోతే తెర ఉన్న మూల మంచం ఇవ్వండి. వెయిటింగ్ హాల్లో పేరు అరవకండి, టోకెన్ నంబర్ పిలవండి. మన భాషలో ఒక సౌకర్యం ఉంది: ‘వచ్చారా, కూర్చోండి’ అంటే ఎవరికైనా సరిపోతుంది. చిక్కంతా షిఫ్ట్ మారేటప్పుడు మనలో మనం చెప్పుకునే ‘ఆమెకు రెండో బాటిల్ ఎక్కుతోంది’ దగ్గర. పొరపాటున నోరు జారితే ‘సారీ, ఆయనకు’ అని సరిదిద్దుకుని పనిలోకి వెళ్లిపోండి. పది నిమిషాలు క్షమాపణ చెబితే, చివరికి ఆయనే మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది. చికిత్సకు సంబంధం లేని కుతూహలం, అంటే పాత పేరేమిటి, ఫలానా సర్జరీ ఎప్పుడు చేయించుకుంటారు లాంటివి, గది బయటే వదిలేయాలి.

ఇంత జాగ్రత్త ఎందుకని ఎవరైనా విసుక్కుంటే రాబర్ట్ ఈడ్స్ గురించి చెప్పండి. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఉండే ట్రాన్స్ పురుషుడు. 1996లో అండాశయ కేన్సర్ అని తేలింది. పన్నెండు మందికి పైగా డాక్టర్లు ఆయనకు చికిత్స చేయడానికి ఒప్పుకోలేదు. వెయిటింగ్ హాల్లో ఆయన కూర్చుంటే మిగతా పేషెంట్లు ఏమనుకుంటారోనన్న భయం వాళ్లది. ఎవరో ఒకరు ఒప్పుకునేసరికి కేన్సర్ పాకిపోయింది. 1999 జనవరిలో చనిపోయారు. ఇలాంటివి ఆ సమాజంలో ఒకరి నుంచి ఒకరికి చేరతాయి. మన గుమ్మం దాకా వచ్చినవాళ్లు ఆలస్యంగా వచ్చారని విసుక్కునే ముందు ఇది గుర్తుంటే మంచిది.

స్క్రీనింగ్ విషయంలో మనవాళ్లలోనే అపోహలు ఉన్నాయి. లెస్బియన్లకు పాప్ స్మియర్ (గర్భాశయ ముఖద్వారం నుంచి కణాలు తీసి చూసే పరీక్ష) అక్కర్లేదని ఇప్పటికీ కొందరు డాక్టర్లు చెబుతారు. తప్పు. ఈ కేన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్ చర్మం చర్మానికి తగిలినా అంటుతుంది, ఇద్దరు స్త్రీల మధ్య కూడా. ట్రాన్స్ పురుషుల్లో ఇంకో సమస్య, శాంపిలే సరిగా రాదు. 2014 నాటి ఒక అమెరికా అధ్యయనంలో వాళ్ల పాప్ శాంపిల్స్‌లో 10.8 శాతం చదవడానికి పనికిరాలేదు, స్త్రీలలో అలాంటివి చాలా తక్కువ. మళ్లీ రమ్మంటే ఎంతమంది వస్తారు? అందుకే తమ శాంపిల్ తామే తీసుకునే హెచ్‌పీవీ పరీక్ష వీళ్లకు పెద్ద వరం. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ పద్ధతిని సిఫార్సు చేసింది. రొమ్ముల సంగతి: నెదర్లాండ్స్‌లో హార్మోన్లు వాడుతున్న 2,260 మంది ట్రాన్స్ మహిళలను పరిశీలించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో 15 మందికి రొమ్ము కేన్సర్ వచ్చింది. మామూలు పురుషుల కన్నా చాలా ఎక్కువ, స్త్రీల కన్నా తక్కువ. ట్రాన్స్ పురుషులకు ఛాతీ సర్జరీ అయినా కొంత కణజాలం మిగులుతుంది. బీఆర్‌సీఏ ఉన్నవాళ్లకు అది చిన్న విషయం కాదు.

గే పురుషుల ప్రోస్టేట్ కేన్సర్ గురించి మన ఓపీల్లో ఎవరూ నోరు విప్పరు, అందుకే కొంచెం వివరంగా రాస్తాను. సర్జరీ తర్వాత అంగస్తంభన గురించి మనం చెప్పేదంతా స్త్రీతో సంభోగాన్ని మనసులో పెట్టుకునే. మలద్వార సంభోగానికి ఇంకా గట్టి స్తంభన కావాలి, కాబట్టి ‘ఫర్వాలేదు, సరిపోతుంది’ అన్న మన అంచనా వాళ్లకు సరిపోదు. స్వీకరించే వైపు ఉండేవారికి ప్రోస్టేట్ పోవడమంటే ఆనందంలో ఒక భాగం పోవడం. సర్జరీనా, రేడియేషనా అన్న నిర్ణయం దీన్నిబట్టి మారవచ్చు. బ్రిటన్‌లో నిపుణులు 2021లో ఒక ఏకాభిప్రాయానికి వచ్చి గడువులు రాశారు. స్వీకరించే మలద్వార సంభోగాన్ని పీఎస్‌ఏ పరీక్షకు ముందు వారం ఆపాలి, పురీషనాళం గుండా బయాప్సీ చేస్తే తర్వాత రెండు వారాలు, ప్రోస్టేట్ తీసేశాక ఆరు వారాలు, బయటి నుంచి ఇచ్చే రేడియేషన్ అయ్యాక రెండు నెలలు, ప్రోస్టేట్‌లో శాశ్వతంగా రేడియోధార్మిక విత్తనాలు అమర్చే బ్రాకీథెరపీ అయితే ఆరు నెలలు. చివరిది పార్ట్‌నర్‌కు రేడియేషన్ తగలకుండా కూడా. ఈ గడువులు ఒక కాగితం మీద ముద్రించి అందరికీ ఇచ్చే సూచనల్లో కలిపేస్తే ఎవరూ సిగ్గుపడక్కర్లేదు.

మందుల చిట్టాలో మూడు చూడండి. సర్జరీ తర్వాత అంగస్తంభన కోసం సిల్డెనాఫిల్ (వయాగ్రా) రాస్తాం. పాపర్స్ అని పిలిచే నైట్రైట్ పీల్చే అలవాటున్న మనిషికి అది ప్రాణం మీదకు రావచ్చు, బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. హెచ్‌ఐవీ రాకుండా వాడే ప్రెప్ మాత్రల్లో టెనోఫోవిర్ ఉంటుంది, సిస్‌ప్లాటిన్‌తో కలిస్తే కిడ్నీల మీద రెట్టింపు భారం. హెచ్‌ఐవీ మందుల్లోని రిటోనావిర్, కోబిసిస్టాట్ లాంటివి డోసిటాక్సెల్, విన్‌క్రిస్టిన్ లాంటి కీమో మందుల్ని రక్తంలో పేరుకునేలా చేస్తాయి. ‘ఇంకేమైనా మందులు వాడుతున్నారా’ అని అడిగితే ఇవేవీ బయటకు రావు. పేరు పెట్టి అడగాలి, పక్కన చుట్టాలు లేనప్పుడు.

మలద్వార కేన్సర్ గురించి ఒక్క మాట. హెచ్‌ఐవీ ఉన్న గే పురుషుల్లో ఇది మామూలు జనం కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. 2022లో వచ్చిన యాంకర్ ట్రయల్‌లో, హెచ్‌ఐవీతో ఉన్న నాలుగు వేల పైచిలుకు మందిలో కేన్సర్‌కు ముందు దశ గాయాలను చికిత్సతో తొలగిస్తే కేన్సర్ 57 శాతం తగ్గింది. 2024 అంతర్జాతీయ మార్గదర్శకాలు హెచ్‌ఐవీ ఉన్న గే పురుషులకు, ట్రాన్స్ మహిళలకు 35 ఏళ్ల నుంచి, హెచ్‌ఐవీ లేనివారికి 45 నుంచి పరీక్ష మొదలుపెట్టమంటున్నాయి. మొలలని ఆయింట్‌మెంట్ రాసి పంపేసే ముందు ఒకసారి వేలితో పరీక్ష చేయండి.

ఫారం మార్చడానికి కమిటీలు, సాఫ్ట్‌వేర్ వాళ్లు, సంతకాలు, నెలలు పడుతుంది. వచ్చే వారానికి అవదు. ఫైలు మొదటి పేజీకి పిన్ చేసిన తెల్ల కాగితంతో మేం మొదలుపెట్టాం: పిలవాల్సిన పేరు, అవయవాల జాబితా, ఎవరికి ఫోన్ చేయాలి, ఎవరికి చెప్పకూడదు. మీరు కూడా ఆయన కోసం అది రాసి పెట్టండి, తర్వాత వచ్చే రోగికీ అదే కాగితం. ఆయన చేతి పట్టీ మీద పేరు మాత్రం ఫార్మసీ, ల్యాబ్ రికార్డుల్లో ఉన్నదానితో కలవాలి, లేకపోతే రక్తం ఎక్కించే దగ్గర గందరగోళం అవుతుంది. పిలిచే పేరును పక్కన బ్రాకెట్‌లో రాయించండి, ఎందుకలా రాశారో ఆయనకు ముందే చెప్పండి. రక్త పరీక్షలు వచ్చాక క్రియాటినిన్ దగ్గర సందేహం ఉంటే, రెండు లెక్కలూ కట్టి, బరువు, వయసు రాసి నన్ను అడగండి.